కొట్టే ముందే కాదు, నాటే ముందూ అడగండి

సర్కారు అడవిలో ఒక చెట్టు కొట్టాలంటే దానికో కాగితం ఉండాలి. కొట్టిన చోట మళ్లీ మొక్క పెట్టాలన్నా కాగితం ఉండాలి. ఆ కాగితం ఏదో, ఎవరి సంతకంతో కదిలిందో, ఊరిని అడిగారో లేదో తెలుసుకునే హక్కు మామూలు పౌరుడికి ఉంది. నందికొండ నుంచి దేవరకొండ, అచ్చంపేట, అమ్రాబాద్ దాకా కృష్ణ ఒడ్డు వెంట పరుచుకున్న అడవిలో ఈ హక్కు గురించి మాట్లాడుకోవాల్సిన అవసరం మరీ ఎక్కువ. ఇందులో పెద్ద భాగం 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అది నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాలు రెండింటిలోనూ ఉంది. ఇక్కడ చెట్లు పోతాయంటే జనం కదులుతారు, పత్రికలు రాస్తాయి. మొక్కలు నాటుతామంటే మాత్రం అడిగేవాళ్లుండరు. నా వాదన ఇదీ: కొట్టడం, నాటడం రెండూ ఒకే అడవి తలరాతను మార్చే నిర్ణయాలు, రెండింటినీ ముందుగానే జనం ముందు పెట్టి పరిశీలించాలి. రెండోదాన్ని అడక్కుండా వదిలేస్తున్నాం కాబట్టే మొదటిది అంత సులువవుతోంది.

ముందు ఒక అపోహ తీర్చుకోవాలి. గని తవ్వాలంటే ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది కదా, కలప నరకాలన్నా అలాంటిదే ఉంటుందని చాలామంది అనుకుంటారు. లేదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ జాబితాలో అటవీశాఖ చేసే కలప నరికివేత లేనే లేదు. అమెరికాలో 1970లో వచ్చిన పర్యావరణ విధాన చట్టం వల్ల అక్కడి అటవీశాఖ ప్రభుత్వ అడవిలో పెద్ద ఎత్తున కలప అమ్మాలంటే ముందుగా దాని ప్రభావాన్ని రాసి జనం ముందు పెట్టాల్సి వచ్చింది. మన దగ్గర ఆ స్థానంలో ఉన్నది వర్కింగ్ ప్లాన్. సాధారణంగా పదేళ్లకోసారి ఒక్కో అటవీ డివిజన్‌కు ఇది తయారవుతుంది. ఏ కంపార్ట్‌మెంట్‌లో ఏ జాతి చెట్టు ఎంత చుట్టుకొలతకు వస్తే కొట్టవచ్చో, ఎక్కడ గొడ్డలి తాకకూడదో, ఎక్కడ ఏం నాటాలో అందులో ఉంటుంది. గోదావర్మన్ తిరుముల్పాడ్ కేసులో 1996 డిసెంబర్ 12న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, కేంద్రం ఆమోదించిన వర్కింగ్ ప్లాన్ లేకుండా ఏ రాష్ట్రమూ అడవిలో చెట్లు కొట్టరాదు. అభయారణ్యాల్లో కట్టడి ఇంకా గట్టిది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 29వ సెక్షన్ కింద, అడవి జంతువుల ఆవాసం బాగుపడటానికి అవసరమైతే తప్ప అక్కడినుంచి ఏదీ తీయకూడదు. తీసినా స్థానికుల సొంత అవసరాలకు ఇవ్వవచ్చు గానీ అమ్ముకోకూడదు. ఎండిన, గాలికి కూలిన చెట్లను సైతం కదపవద్దని 2000 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు ఆదేశించింది. కాబట్టి అమ్రాబాద్ వైపు నుంచి కలప లారీ బయటికొస్తుంటే అది ఏ ఉత్తర్వు కింద వస్తోందని అడగటం మీ హక్కే.

ముందుగా అడిగితే ఏమవుతుందో ఈ ప్రాంతం కంటే బాగా చెప్పగల చోటు తెలంగాణలో మరొకటి లేదు. లంబాపూర్, పెద్దగట్టు దగ్గర యల్లాపురం రిజర్వు అడవిలో యురేనియం తవ్వుతామని యురేనియం కార్పొరేషన్ ముందుకొచ్చినప్పుడు, చట్టం కోరినందువల్ల 2003 ఆగస్టులో బహిరంగ విచారణ జరిగింది. శుద్ధి కర్మాగారాన్ని దేవరకొండ దగ్గరి శేరిపల్లికి మార్చినప్పుడు 2005 మార్చిలో మళ్లీ విచారణ పెట్టాల్సి వచ్చింది. నాగార్జునసాగర్ జలాశయానికి అంత దగ్గర్లో తవ్వితే హైదరాబాద్ తాగే నీటి గతేమిటన్న ప్రశ్న ఆ విచారణల వల్లే తండాల నుంచి రాజధాని దాకా వెళ్లింది. ఇరవై ఏళ్లు దాటినా అక్కడ గని లేదు. దీని పక్కన 2019 నాటి అమ్రాబాద్ వ్యవహారం పెట్టి చూడండి. అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా సంఘం ఆ ఏడాది మే నెలలో సూత్రప్రాయంగా సిఫారసు చేసింది. ప్రతిపాదనలో దాదాపు 4,000 బోరుబావులున్నాయి. అవి వేయాలంటే యంత్రాలు పోవాలి, యంత్రాలు పోవాలంటే బాటలు పడాలి, బాట పడితే చెట్లు పడాలి. అయినా ఇది ‘అన్వేషణ’ మాత్రమే కాబట్టి బహిరంగ విచారణ అన్నదే లేదు. అడవిలోని చెంచు గిరిజనుల పెంటలకు విషయం తెలిసేసరికి ఫైలు ఢిల్లీలో ఉంది. ఆ తర్వాత ఊళ్లూ నగరమూ కలిసి ఉద్యమించాయి, 2019 సెప్టెంబర్‌లో శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవంగా తీర్మానించింది. మొదటిసారి చట్టమే జనాన్ని పిలిచి అడిగింది. రెండోసారి జనం రోడ్డెక్కి అడగాల్సి వచ్చింది. ప్రతి ఊరికీ అంత పెద్ద ఉద్యమం దొరకదు.

ఇప్పుడు నాటడం సంగతికి వద్దాం. 1980 అటవీ సంరక్షణ చట్టాన్ని 2023లో సవరించి పేరు మార్చారు, ఆ ఏడాది డిసెంబర్ 1 నుంచి సవరణ అమల్లో ఉంది. అందులో రెండో సెక్షన్ నాలుగో అంశం ఈ విషయానికి ప్రాణం లాంటిది: సహజంగా పెరిగిన చెట్లను తొలగించి ఆ నేలలో కొత్తగా వనం పెంచాలంటే కేంద్రం ముందస్తు అనుమతి తప్పనిసరి. అంటే ‘మళ్లీ నాటుతాం కదా’ అన్నంత మాత్రాన నరకడానికి సెలవు దొరకదని 1988లోనే పార్లమెంటు చెప్పింది. ఆ అంశం ఇంకా ఉంది. అయితే అడవి పెంపకం, పునరుజ్జీవన పనులు ‘అటవీయేతర వినియోగం’ కిందికి రావని 2023 సవరణ అప్పటికే ఉన్న వివరణలో విడిగా చేర్చింది. దాంతో పునరుద్ధరణ పేరుతో జరిగే పని మీద బయటి పరిశీలన బాగా సన్నగిల్లింది. డబ్బు మాత్రం సన్నగా లేదు. అడవి పోయినందుకు కట్టించుకున్న సొమ్ములోంచి, అంటే కంపా నిధుల్లోంచి, 2019 ఆగస్టులో కేంద్రం రాష్ట్రాలకు 47,436 కోట్లు బదిలీ చేసింది. తెలంగాణ వాటా 3,110 కోట్లు. అంత సొమ్ము ఏ నేలలో ఏ మొక్కగా మారుతోందన్నది ప్రజల ప్రశ్నే.

ఎందుకు అడగాలో ఒక్క చెట్టును దగ్గర్నుంచి చూస్తే తెలుస్తుంది. ఈ నల్లమల రాతిగుట్టల మీద తెల్లటి నున్నని బెరడుతో నిలబడే తపసి చెట్టు కలప లెక్కలో పెద్దగా విలువ చేయదు, మెత్తటి చెక్క. దాని బెరడుకు జాగ్రత్తగా గాటు పెట్టి చెంచులు తీసే బంక మాత్రం గిరిజన సహకార సంస్థ కొనే సరుకు, ఏటేటా వచ్చే ఆదాయం. ఘనపు మీటర్లలో రాసే పట్టికలో ఈ చెట్టు దాదాపు సున్నా, ఒక కుటుంబం ఏడాది లెక్కలో అది తిండి. ఇప్ప, తునికి, సారపప్పు, ఉసిరి, కుంకుడు ఇలాంటివే. ‘క్షీణించిన అడవి’ అని కాగితంలో రాసి, ఈ మిశ్రమాన్ని తీసేసి వరసల్లో నీలగిరి పెడితే ఉపగ్రహ చిత్రంలో పచ్చదనం పెరగవచ్చు, చెంచు సంచి ఖాళీ అవుతుంది. గడ్డిమైదానంలో గుంతలు తవ్వి మొక్కలు పెడితే దుప్పులకు మేత పోతుంది. మొక్క నాటడం దానంతటదే పుణ్యం అనుకోకూడదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలిలో దాదాపు 100 ఎకరాలు యంత్రాలతో చదును చేశారని తెలిసి 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది, తర్వాత పునరుద్ధరణ ప్రణాళిక ఏదని ప్రభుత్వాన్ని అడిగింది. నగరంలోని నేల గురించి న్యాయస్థానం అడిగిన ఆ ప్రశ్ననే అడవి పల్లె తన గ్రామసభలో అడగవచ్చు.

గ్రామసభ అనగానే నల్లగొండ వైపు తండాల్లో ఒక మాట వినిపిస్తుంది: మనది ఏజెన్సీ కాదు, మనకు ఆ అధికారం లేదు అని. సగం నిజం. అమ్రాబాద్ పీఠభూమిలోని కొన్ని గ్రామాలు షెడ్యూల్డ్ ప్రాంతం కిందికి వస్తాయి, అక్కడి గ్రామసభలకు అధికారాలిచ్చే పెసా చట్టం వాటికి వర్తిస్తుంది. నల్లగొండ జిల్లాకు అది లేదు. కానీ 2006 అటవీ హక్కుల చట్టానికి షెడ్యూల్డ్ ప్రాంతంతో ముడి లేదు. సామూహిక అడవిని కాపాడుకునే, పునరుజ్జీవింపజేసే, నిర్వహించుకునే హక్కును మూడో సెక్షన్ ఇస్తే, ఆ అడవికి చేటు చేసే పనిని ఆపే అధికారాన్ని ఐదో సెక్షన్ గ్రామసభకు ఇచ్చింది. 2018లో పంచాయతీలైన తండాలకు ఇక పక్క ఊరి సభ మీద ఆధారపడే పని లేదు, తమ సభ తమకే ఉంది. 2013లో ఒడిశా నియమగిరి కొండల్లో బాక్సైట్ గని వద్దని తేల్చింది పన్నెండు పల్లె సభలే. ఆ మాట వాళ్లకే వదలాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఒక్క జాగ్రత్త: వన సంరక్షణ సమితి సంతకం గ్రామసభ తీర్మానానికి బదులు కాదు. సభకు సభ్యుల్లో సగం మందైనా రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. తీర్మానం నకలు చేతికొస్తే ముందుగా చూడాల్సింది కింద ఉన్న సంతకాలు, వేలిముద్రలే. అసలు సభ జరిగిందో లేదో అవే చెప్తాయి.

ఇన్ని విచారణలు పెడితే అభివృద్ధి ఆగిపోతుందన్నది గట్టి అభ్యంతరమే, తేలిగ్గా తోసేయకూడదు. పాలమూరు నీళ్ల కోసం ఎన్ని తరాలు ఎదురుచూసిందో తెలిసినవాళ్లెవరూ తోసేయరు. అయితే ఇక్కడ ఆలస్యం ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల పనులు పర్యావరణ అనుమతి లేకుండా సాగుతున్నాయని 2021లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆపమంది. 2022 డిసెంబర్‌లో ఆ పథకానికీ డిండి ఎత్తిపోతలకీ కలిపి 900 కోట్లకు పైగా పరిహారం విధించింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ చెల్లింపును నిలిపి తాగునీటి పనుల వరకు అనుమతిచ్చింది. అనుమతి ముందే తీసుకుని ఉంటే ఈ కోర్టు ఏళ్లన్నీ మిగిలేవి. అటవీ అధికారులకు తెలియనిది ఊరికేం తెలుసన్నది మరో అభ్యంతరం. వాళ్ల శాస్త్ర పరిజ్ఞానాన్ని నేను తక్కువ చేయను. ఫలానా గుట్ట మీద వేసవిలో నీటి చెలమ ఎక్కడ మిగులుతుందో, ఏ చెట్టు ఏ నెలలో పూస్తుందో మాత్రం వర్కింగ్ ప్లాన్ రాసే అధికారికి ఊరే చెప్పాలి. పోడు పేరుతో జనమే అడవిని కొట్టలేదా అని కూడా అడుగుతారు. కొట్టారు, కొన్నిచోట్ల ఇప్పటికీ కొడుతున్నారు. దానికి కేసులున్నాయి, శిక్షలున్నాయి. ఒకరి తప్పు మరొకరి నిర్ణయాన్ని పరిశీలన నుంచి తప్పించదు.

ఇక చేతిలో ఉన్న పనిముట్లు. అటవీ భూమిని వేరే అవసరానికి మళ్లించే ప్రతిపాదనలు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో ఉంటాయి, ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. కొట్టబోయే చెట్ల లెక్క, ప్రత్యామ్నాయ వనీకరణకు ఎంచిన స్థలం అందులోనే దొరుకుతాయి. వర్కింగ్ ప్లాన్, కంపా వార్షిక ప్రణాళిక, నాటిన జాతుల జాబితా, బతికిన మొక్కల లెక్క కోసం డివిజన్ కార్యాలయానికి 10 రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్లకు ఆ పదీ అక్కర్లేదు. జవాబుకు గడువు 30 రోజులు. పని జరుగుతున్న చోటికి వెళ్లి స్వయంగా తనిఖీ చేసే హక్కు కూడా అదే చట్టం ఇచ్చింది, దాన్ని వాడుకునేవాళ్లే తక్కువ. కంపా పనులను గ్రామసభతో గానీ వన సంరక్షణ సమితితో గానీ సంప్రదించి చేయాలని 2018 నిబంధనలు చెప్తున్నాయి, ఆ సంప్రదింపు రికార్డు కూడా అడగండి. అటవీ సంరక్షణ చట్టం ఉల్లంఘన అయితే చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్‌కు వెళ్లవచ్చు. పరిహారం కోరకపోతే ఫీజు 1,000 రూపాయలు. వివాదం మొదలైన ఆరు నెలల్లోపు వెళ్లాలి, గట్టి కారణం చూపితే మరో 60 రోజులు. అడవిని మళ్లించే ఉత్తర్వుపై అప్పీలుకైతే 30 రోజులే. అందుకే యంత్రం కనిపించిన రోజు తేదీ రాసి, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవాలి. వన్యప్రాణి చట్టం, అటవీ హక్కుల చట్టం ట్రిబ్యునల్ పరిధిలో లేవు. వాటికి హైకోర్టులో రిట్ వేయాలి. వకీలు ఖర్చుకు భయపడవద్దు: ఎస్సీ, ఎస్టీలకూ మహిళలకూ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో గానీ 15100 నంబరులో గానీ అడగవచ్చు. అర్జీకి మొట్టమొదట జత చేయాల్సింది గ్రామసభ తీర్మానం నకలు. తీర్మానమే జరగకపోతే, జరగలేదని పంచాయతీ కార్యదర్శి సమాచార హక్కు కింద రాసిచ్చిన జవాబు.