ధర తగ్గినప్పుడు ఫోనే కబురు చెప్పే ఏర్పాటు

పాల బిల్లు చేతికి అందిన వారంలో చాలా ఇళ్లలో ఏదో ఒక వస్తువు కొనాలన్న ఆలోచన వస్తుంది. పాల క్యాను కావచ్చు, చాఫ్ కట్టరు కావచ్చు, పాకలోకి ఫ్యాను కావచ్చు. ఒకప్పుడు వీటికోసం పట్నానికి బస్సెక్కేవాళ్లం. ఇప్పుడు మన సభ్యులలో పలువురు సెల్‌ఫోనులోనే ఆర్డరు పెడుతున్నారు. 2020లో ఫ్లిప్‌కార్ట్, అమెజాన్ రెండూ తెలుగులో కూడా యాప్ తెచ్చిన తరువాత ఇంగ్లీషు రానివారికి సైతం ఇది అందుబాటులోకి వచ్చింది. అయితే ఆ దుకాణాలలో ధర నిలకడగా ఉండదు. ఉదయం చూసిన ధర సాయంత్రానికి మారిపోవచ్చు. రెండు పూటలా పాలు పిండి, మేత వేసి, కేంద్రానికి పరుగెత్తే మనిషికి రోజూ ధర చూస్తూ కూర్చునే తీరిక ఎక్కడిది? మనం అనుకున్న ధరకు వస్తువు దిగిన రోజున ఫోనే కబురు చెప్పే ఏర్పాటు ఒకటి ఉంది. దీనిని ప్రైస్ అలర్ట్ అంటారు.

అలర్టు పెట్టేముందు తగ్గింపు అంటే ఏమిటో తెలియాలి. వస్తువు పక్కన ఒక పెద్ద అంకెను కొట్టివేసి, చిన్న అంకె చూపించి, 60 శాతం తగ్గింపు అని రాస్తారు. ఆ కొట్టివేసిన అంకె ఎమ్మార్పీ. ప్యాకెట్‌లో అమ్మే వస్తువుల ఎమ్మార్పీని ఆన్‌లైన్ దుకాణాలు కూడా చూపించి తీరాలన్న నిబంధన 2018 జనవరి 1 నుంచి అమలులో ఉంది. కాని ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మరాదన్న హద్దు మాత్రమే. నిన్నటిదాకా ఆ ధరకే అమ్మారని దాని అర్థం కాదు. ఏడాది పొడుగునా రూ. 4,000కు అమ్ముడుపోయే వస్తువు మీద రూ. 10,000 ఎమ్మార్పీ ఉంటే, అది ప్రతిరోజూ 60 శాతం తగ్గింపే! అందుచేత చూడవలసింది శాతం కాదు, పాత ధరల వరుస. ఒక్కపూట వెన్న శాతం చూసి గేదె సంగతి మనం తేల్చం గదా. పది రోజుల స్లిప్పులు పక్కపక్కన పెట్టి చూస్తాం. ఇక్కడా అంతే.

అమెజాన్‌లోని వస్తువులకు ఈ పాత ధరల లెక్కను కీపా అనే వెబ్‌సైటు గీత రూపంలో చూపిస్తుంది. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ రెండింటికీ పనికివచ్చేది బైహట్కే. పద్ధతి ఇది. యాప్‌లో వస్తువు తెరిచి, షేర్ గుర్తు నొక్కి లింకు కాపీ చేసుకోవాలి. ఆ లింకును ఈ వెబ్‌సైటులో వెదికే గడిలో అతికిస్తే గ్రాఫు కనిపిస్తుంది. దాని దగ్గరే మనకు కావలసిన ధర వేసే చోటు ఉంటుంది. ధర వేసి, కబురు ఏ దారిన రావాలో, ఈమెయిలుకా మరో విధంగానా, చెప్పి భద్రపరిస్తే సరి. కీపా తెలుగులో ఉండదు కనుక ఇంట్లో చదువుకునే పిల్లల చేత మొదటిసారి పెట్టించుకోవడం మంచిది. ఇదంతా వద్దనుకునేవారు వస్తువును యాప్‌లోని విష్ లిస్టులో వేసి, నోటిఫికేషన్లు వచ్చేలా ఉంచుకోవచ్చు. అయితే ఎంత తగ్గితే కబురు రావాలన్న పట్టు అందులో మన చేతిలో ఉండదు.

అసలు తెలివంతా ఏ ధర వేయాలన్న దానిలో ఉంది. ఒక చాఫ్ కట్టరు నేడు రూ. 14,500 ఉందనుకుందాం. ఏడాది గ్రాఫులో ఎక్కువ రోజులు 14,000కు, 15,000కు మధ్య నడిచింది. మూడుసార్లు 12,500కు దిగి నాలుగైదు రోజులు నిలిచింది. ఒక్కసారి మాత్రం గీత 9,900కు పడి, కొద్ది గంటలలో లేచిపోయింది. అందరి కన్నూ ఆ 9,900 మీదే పడుతుంది. అక్కడ అలర్టు పెట్టినవారు వచ్చే ఉగాదికి కూడా ఎదురుచూస్తూనే ఉండవచ్చు. 12,600 దగ్గర పెట్టినవారికి కబురు వచ్చే అవకాశం బాగా ఉంది. ధర దిగి నాలుగు రోజులైనా నిలిచిన చోటునే ఆధారం చేసుకోవాలి.

ఎదురుచూడడానికి కూడా ఖర్చు ఉంటుంది. పై లెక్కలో ఆదా రూ. 1,900. దీనికోసం నెలన్నర ఆగితే, ఆ 45 రోజులు మేత చేత్తో నరికే శ్రమను, నరకకుండా వేస్తే పశువులు తొక్కి పారేసే మేతను కూడా లెక్కలో వేయాలి. కారుతున్న క్యానుకు, ఎండాకాలంలో పాకలో ఫ్యానుకు అలర్టు పెట్టి కూర్చోవడం తగదు. ఒక్కపూట పాలు విరిగి వెనక్కి వస్తే తగ్గింపు అంతా అందులోనే పోతుంది.

ప్రభుత్వం పన్ను తగ్గించిన రోజులను మాత్రం గుర్తుపెట్టుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి పాల క్యానులపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను కాక రూ. 3,000 ఉన్న క్యాను 3,360 నుంచి 3,150కి రావాలి. ఆ తేదీ దగ్గర గ్రాఫులో గీత దిగిందా లేదా అన్నది చూస్తే, తగ్గింపు మనదాకా వచ్చిందో మధ్యలో ఆగిందో తెలిసిపోతుంది.

గ్రాఫులో కనిపించని సంగతులు కొన్ని ఉన్నాయి. బ్యాంకు కార్డు మీద ఇచ్చే తగ్గింపు, కూపను, రవాణా చార్జీ సాధారణంగా ఆ ధరలో చేరవు. 40 లీటర్ల క్యాను లింకు బదులు 20 లీటర్ల దాని లింకు అతికించినా అలర్టు వస్తుంది, కాని వేరే వస్తువుకు వస్తుంది. మోటారు ఉన్న యంత్రాలకైతే బ్లేడు అరిగితే ఎవరిస్తారు, బిగించేది ఎవరు అన్నది ముందు తేల్చుకోవాలి. అయిదారు వందలు ఎక్కువైనా పక్క పట్నం డీలరు దగ్గర కొనడమే మేలని మా అభిప్రాయం. గ్రాఫు ఆయనకు చూపించి బేరమాడండి, తప్పులేదు. సంఘాలకు మరో హెచ్చరిక. పాలు తూచే ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి, దానిని ఏటా తిరిగి పరీక్ష చేయించాలి. ఆ ముద్ర లేని కాటా ఎంత చవకగా వచ్చినా కేంద్రంలో వాడరాదు.

ఇక మోసాల సంగతి. అలర్టు పేరిట వాట్సాప్‌లోనో మెసేజ్‌గానో వచ్చిన లింకును నొక్కకండి. కబురు చూసి, దుకాణం యాప్‌ను మీరే తెరిచి అక్కడ ధర సరిచూసుకోండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ నొక్కవలసిన పని ఎన్నడూ ఉండదు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి. ‘ఇంకా రెండే మిగిలాయి’, ‘పది నిమిషాలలో ముగుస్తుంది’ అంటూ లేని తొందర పెట్టడాన్ని 2023 నవంబరు 30 నాటి కేంద్ర మార్గదర్శకాలు నిషేధించాయి. అడగకుండా బుట్టలో అదనపు వస్తువు చేర్చడమూ అందులో ఉంది. అలాంటివి ఎదురైతే వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు చెప్పవచ్చు.

వస్తువు ఇంటికి వచ్చి, విప్పి, నడిపి చూసుకున్న తరువాత ఆ అలర్టును తీసివేయండి. లేకుంటే వారం తిరగకుండా ఇంకో మూడు వందలు తగ్గిందన్న కబురు వస్తుంది, ఆ పూట పాలు పిండేవారికి మనసు మనసులో ఉండదు.