పోటీ పరీక్షల ప్రత్యేకం: ఆసియా మహిళల రగ్బీ చాంపియన్‌షిప్

ఆసియా దేశాల మహిళా జాతీయ జట్లు పదిహేను మందితో ఆడే రగ్బీ యూనియన్ పోటీని ఆసియా రగ్బీ మహిళల చాంపియన్‌షిప్ అంటారు. 1968లో ఏర్పడిన ఖండస్థాయి సంస్థ ఆసియా రగ్బీ దీనిని నిర్వహిస్తుండగా, తొలి పోటీ 2006లో చైనాలోని కున్‌మింగ్‌లో జరిగింది. మొదట్లో కజకిస్తాన్‌ది పైచేయి కాగా, తరువాత జపాన్ పుంజుకుంది.

హనుమంతునిపాడు, మార్కాపురం ప్రాంతాల్లో కబడ్డీ కూతకు అలవాటుపడిన అభ్యర్థికి ఈ ఆట తికమకగా తోచవచ్చు గాని, మూలసూత్రం సులువే: కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతపట్టి ముందుకు పరుగెత్తవచ్చు, కాని తోటి క్రీడాకారిణికి చేత్తో అందించేటప్పుడు పక్కకో వెనక్కో తప్ప ముందుకు విసరరాదు. ప్రత్యర్థి గోల్ గీత దాటి బంతిని నేలకు అదమడాన్ని ‘ట్రై’ అంటారు, దానికి 5 పాయింట్లు. ఆపై బంతిని గోల్ స్తంభాల నడుమ, అడ్డకర్ర మీదుగా తన్నగలిగితే ‘కన్వర్షన్’ కింద మరో 2, పెనాల్టీ గోల్‌కు 3 లభిస్తాయి.

భారత మహిళలు పదిహేను మంది ఆటలో 2018లో సింగపూర్‌లో అరంగేట్రం చేసి ఓటమి చవిచూశారు. మరుసటి ఏడాది జూన్‌లో ఫిలిప్పీన్స్‌లో సింగపూర్ జట్టును 21-19 తేడాతో ఓడించి, ఈ విభాగంలో తొలి అంతర్జాతీయ విజయం నమోదు చేశారు. చివరి నిమిషాల్లో ఒడిశా క్రీడాకారిణి సుమిత్రా నాయక్ తన్నిన పెనాల్టీయే ఆ మ్యాచ్‌ను మలుపు తిప్పింది.

ప్రశ్నపత్రాల్లో తరచూ పొరబడే అంశం ఒకటుంది: 2016 రియో ఒలింపిక్స్‌లో చేరింది ఏడుగురు ఆడే రగ్బీ సెవెన్స్ మాత్రమే, ఈ పదిహేను మంది ఆట కాదు.