ఊరి సంఘంలోకి విదేశాల్లోని మనవాళ్లు

ప్రశ్న: మాది ఇంజినీర్ల సంఘం. మా ఊరి నుంచి వెళ్లి అమెరికా, దుబాయ్, సింగపూర్‌లలో స్థిరపడ్డవాళ్లు చాలామంది ఉన్నారు. ఆన్‌లైన్‌లో వాళ్లను కలుపుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, గుడివాడ

జవాబు: మీ పక్కనే ఉన్న ఉదాహరణ చూడండి. కృష్ణాజిల్లా రచయితల సంఘం తన పేరులోంచి జిల్లాను తీసేయకుండానే విజయవాడలో ప్రపంచ తెలుగు రచయితల మహాసభలు నడుపుతోంది. అటు ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) ప్రపంచ సాహిత్య వేదిక 2020 నుంచి నెలనెలా చివరి ఆదివారం ఆన్‌లైన్ సభ పెడుతూ వచ్చింది. తేదీ మారకపోవడమే దాని బలమని నేను నమ్ముతాను. వాట్సాప్ గ్రూపు ఒక్కటే పెట్టి ఊరుకుంటే సంఘం నిలబడదు.

మీరూ ఒక ఆదివారం ఖాయం చేసుకోండి. చలికాలంలో మనకు రాత్రి 7.30 అయితే న్యూయార్క్‌లో ఉదయం 9, దుబాయ్‌లో సాయంత్రం 6, సింగపూర్‌లో రాత్రి 10. అందరూ మెలకువగా ఉండే వేళ అది. ఇక విషయం మన నేలది కావాలి. 2024 సెప్టెంబరు వరదలో పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్ల కౌంటర్‌వెయిట్లను దెబ్బతీశాయి. అలాంటి ఘటన మీద స్థానిక ఇంజినీరు ఫొటోలు చూపిస్తూ మాట్లాడితే డాలస్‌లో ఉన్నవాడూ ఆగి వింటాడు, తన అనుభవం చెబుతాడు.

అలా కలిసినవారికి సంఘం ఎన్నికల్లో ఆన్‌లైన్ ఓటు హక్కు కూడా ఇవ్వాలనుకుంటే ముందు సంఘం బైలాలు సవరించుకోండి.

డబ్బు దగ్గర మాత్రం జాగ్రత్త. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసులు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా ఇచ్చే విరాళం వేరు, విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు ఇచ్చేది వేరు. ఓసీఐ కార్డు ఉన్నా రెండోదానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి తప్పనిసరి. చందా అడిగే ముందే ఆడిటర్‌ను కలవండి.