మంద్రస్వర వాద్యము: బేస్ గిటారు నేర్చుకొనువారికి కొన్ని మాటలు

గత సంవత్సరము వర్షకాలమున ఒకనాఁటి సాయంకాలము తొమ్మిదవ తరగతి బాలుని తండ్రి మా సంగీతపు గదికి వచ్చెను. ఆయన దర్జీపని చేసి కుటుంబమును పోషించుకొనుచున్న గృహస్థుఁడు. "మాస్టరుగారూ, మావాఁడు బేస్ గిటారు కావలెనని పట్టుపట్టియున్నాఁడు. ఖరీదైన వాద్యము లేనిదే మంచి నాదము రాదని స్నేహితులందఱు వానికి చెప్పిరఁట. 40,000 రూపాయలు అప్పు చేయవలసియున్నది. చేయమందురా, వలదందురా?" అని యడిగెను. ఆయనకు మేము నాఁడు చెప్పిన సమాధానమును, దానికిఁ గల కారణములను ఇచ్చట వ్రాయుచున్నాము. ఇట్టి ప్రశ్నయే యడుగుచున్న మఱికొందఱు విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును ఇది యుపయోగపడునని మా నమ్మకము.

మొదట వాద్యమెట్టిదో తెలిసికొందము. బేస్ గిటారునకు సాధారణముగా నాలుగు తంత్రులుండును. లావుపాటి దానినుండి సన్నని దానివఱకు వాని స్వరములు ఈ, ఏ, డీ, జీ. మెట్లమీఁద వ్రేలు పెట్టక మీటినప్పుడు ఇవి సెకనునకు సుమారు 41, 55, 73, 98 కంపనములు చేయును. సాధారణ గిటారులోని లావుపాటి నాలుగు తంత్రులకంటె ఇవి ఒక స్థాయి క్రిందుగా పలుకును. తంత్రియొక్క పలుకునిడివి పెక్కు వాద్యములలో 34 అంగుళములు. తంత్రి నిడుపుగాను లావుగాను ఉండుటచేతనే మెల్లగా కంపించి మంద్రస్వరము నిచ్చుచున్నది.

పూర్వము ఈ పనిని మనిషియెత్తునకు మించిన డబుల్ బేస్ అను వాద్యము చేయుచుండెను. దానిని ఊరూర మోసికొనిపోవుట కష్టము. డ్రమ్ములు, బాకాలు మ్రోగునప్పుడు దాని నాదము వినఁబడుట మఱియు కష్టము. 1930వ దశకములో అమెరికాయందలి సియాటిల్ నగరమున పాల్ టుట్మార్క్ అనునతఁడు విద్యుత్తుతో పలుకు మెట్లుగల బేసును చేసెను గాని యది అంతగా వ్యాపింపలేదు. 1951లో కాలిఫోర్నియాకుఁ జెందిన లియో ఫెండర్ "ప్రెసిషన్ బేస్" అను వాద్యమును విక్రయమునకుఁ దెచ్చెను. మన వీణకు వలె దీనికి మెట్లుండుటచేత వ్రేలు కొంచెము ముందువెనుకలైనను స్వరము ఖచ్చితముగా పలుకును. ఆ పేరునకు అర్థమిదియే.

నాదమెట్లు పుట్టునో తెలిసినఁగాని దేనికి ధనము వెచ్చింపవలెనో తెలియదు. తంత్రుల క్రింద అయస్కాంతములును, వానిచుట్టు సన్నని రాగితీఁగ చుట్టలును ఉండును. దీనిని పికప్పు అందురు. ఉక్కుతంత్రి కంపించినప్పుడు అచ్చటి అయస్కాంత క్షేత్రము మాఱి, చుట్టలో మిక్కిలి స్వల్పమైన విద్యుత్ప్రవాహము పుట్టును. యాంప్లిఫయరు దానిని పెద్దది చేసి స్పీకరునకు పంపును. కావున స్పీకరునుండి వచ్చునది తంత్రియొక్క కంపనమే. ఆ కంపనమును మొదలిడునది వాదకుని వ్రేలు. వ్రేలు తడఁబడినచో ఎంత వెలగల యంత్రమైనను ఆ తడఁబాటునే పెద్దది చేసి వినిపించును.

యాంప్లిఫయరు విషయమున మేము చేసిన తప్పొకటి చెప్పవలెను. మా గానబృందము మొదలైన సంవత్సరమున, పూర్వవిద్యార్థి యొకఁడు దయతో ఎరువిచ్చిన చిన్న గిటారు యాంప్లిఫయరునకు బేసును తగిలించితిమి. శబ్దము చాలలేదని మీటను కడవఱకు త్రిప్పితిమి. రెండవ పాట నడుమ స్పీకరు బరబరలాడి దాని కాగితపు గిన్నె చినిఁగిపోయెను. మంద్రస్వరము బిగ్గరగా పలుకుటకు ఎక్కువ గాలిని నెట్టవలెను. అందుకై గిన్నె ఎక్కువ దూరము ముందువెనుకలకు కదలవలెను. గిటారు స్పీకరు అంతటి కదలికకు చేయఁబడినది కాదు. దాని మరమ్మతు ఖర్చు మేమే చెల్లించితిమి. ఇంటియొద్ద సాధన చేయునప్పుడు తక్కువ శబ్దముతోనైనను, హెడ్ ఫోనులతోనైనను పని జరుగును. సభలో వాయించుటకు మాత్రము బేసునకై చేసిన యాంప్లిఫయరే కావలెను.

"మా బేసు వినఁబడుట లేదు" అనునది నేర్చుకొనువారి సాధారణమైన మొఱ. మనచెవి మంద్రస్వరములను మధ్యమ స్వరములంత సులభముగా గ్రహింపదని ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు 1933లోనే కొలిచి చూపిరి. ఇది తెలియక విద్యార్థులు "బేస్" అను మీటనే పూర్తిగా త్రిప్పుదురు. అప్పుడు గదియంతయు గుమ్మని మ్రోగును గాని ఏ స్వరము పలికినదో యెవరికిని తెలియదు. ప్రతి మంద్రస్వరముతోడను దానికి రెండింతలు, మూఁడింతలు, నాలుగింతలు వేగముగల ఉపస్వరములు కూడ పుట్టును. వానిని విని మన బుద్ధి మూలస్వరమును పోల్చుకొనును. చిన్న రేడియోలో సైతము బేసు నడక మనకుఁ దెలియుటకు కారణమిదియే. కాఁబట్టి "మిడ్" అను మధ్యమ మీటను కొంచెము పెంచి, "బేస్" మీటను కొంచెము తగ్గించి చూడుఁడు. యాంప్లిఫయరును గదిమూలనుండి ఇవతలికి జరుపుఁడు. మూలలోని గోడలు మంద్రనాదమును మితిమీఱి పెంచును. ఈ రెంటికిని కాసు ఖర్చు లేదు.

క్రొత్త వాద్యము కొనుటకు ముందు చేతనున్న దానిని సరిచేయించుట మంచిది. తంత్రులు మెట్లకు మిక్కిలి యెత్తుగానున్నచో ఎడమచేయి నొచ్చును. మిక్కిలి దిగువగానున్నచో మెట్లకుఁ దగిలి జిరజిరలాడును. పండ్రెండవ మెట్టుపై వ్రేలిని తేలికగా తాఁకించి మీటినపుడు పలుకు స్వరమును, అదే మెట్టుపై నొక్కి మీటినపుడు పలుకు స్వరమును పోల్చి చూడుఁడు. రెండును ఒకటే కావలెను. నొక్కిన స్వరము హెచ్చుగానున్నచో గుఱ్ఱముపై ఆ తంత్రి కూర్చున్న బిళ్ళను వెనుకకు జరుపవలెను. తగ్గుగానున్నచో ముందునకు జరుపవలెను. మెడలోని యినుపకడ్డీని త్రిప్పవలసివచ్చినచో తెలిసినవారి యెదుటనే, ఒకమాఱునకు పావుచుట్టు మించకుండ త్రిప్పవలెను. తొందరపడి త్రిప్పి మెడను పాడుచేసికొన్నవారు కలరు.

ఇఁక చేతుల సంగతి. కుడిచేతి బొటనవ్రేలిని పికప్పుపై నానించి, చూపుడువ్రేలిని మధ్యవ్రేలిని ఒకదాని వెనుక ఒకటిగా నడిపింపవలెను. మీటిన వ్రేలు పైకెగురక, ప్రక్కతంత్రిపై వచ్చి యాఁగవలెను. మెడకు దగ్గఱగా మీటిన గుండ్రని మెత్తని నాదమును, గుఱ్ఱమునకు దగ్గఱగా మీటిన బిగువైన స్పష్టనాదమును వచ్చును. ఎడమచేతి వ్రేలు మెట్టునకు సరిగా వెనుకనే నొక్కవలెను. దూరమైనకొలఁది బలమెక్కువ కావలసివచ్చును. మణికట్టును మిక్కిలి వంపరాదు. వాయింపని తంత్రులను చేతులతో తాఁకియుంచి మౌనముగా నిలుపుట స్వరమును పలికించుటంత ముఖ్యము. నొప్పి కలిగినచో తక్షణమే ఆఁపి విశ్రమింపవలెను. నొప్పిని ఓర్చుకొనుట సాధన కాదు.

మీటు విధానమును గూర్చి ఔత్సాహికులలో వాదములు మెండు. ముగ్గురి యుదాహరణము చాలును. జేమ్స్ జేమర్సన్ డెట్రాయిట్ నగరములోని తన హైస్కూలునందు డబుల్ బేస్ అభ్యసించి, పిమ్మట మోటౌన్ సంస్థవారి పాటలలో పెక్కింటికి బేసు వాయించెను. ఆయన కుడిచేతి చూపుడువ్రేలు ఒక్కదానితోనే మీటెడివాఁడు. తంత్రులు తెగినఁగాని మార్చెడివాఁడు కాఁడని ప్రసిద్ధి. లాస్ ఏంజెలిస్ నగరమున కరోల్ కే అను మహిళ మొదట గిటారు వాయించుచుండెను. 1963లో ఒకనాఁడు బేసు వాదకుఁడు రాకపోఁగా ఆమె దానిని చేతఁబట్టి, పలుకతో మీటి, ఆ వాద్యమునందే పేరుపొందెను. లారీ గ్రాహమ్ తన తల్లితోఁ గూడి వాయించుచుండఁగా డ్రమ్ము వాయించువాఁడు మానివేసెను. ఆ కొఱతను తీర్చుటకై ఆయన బొటనవ్రేలితో తంత్రిని కొట్టియు, వ్రేలితో లాగి వదలియు వాయించెను. నేఁడు లోకమంతట నేర్చుకొనుచున్న "స్లాప్" పద్ధతి అట్లు పుట్టినది. మువ్వురి మార్గములును వేఱు. మువ్వురికిని సమానమైనది లయ తప్పని చేయి.

ఆ లయయే యీ వాద్యముయొక్క ధర్మము. డ్రమ్ములలో కాలితో కొట్టు పెద్ద డ్రమ్మును వినుచు దానితో కలిసి పలుకుట మొదటి పాఠము. ప్రతి స్వరమేళనమునకు మూలస్వరము, దాని పంచమము, పైస్థాయి షడ్జము - ఈ మూఁడింటితోనే ఒక పాటను ఆద్యంతము నడుపవచ్చును. మెట్రోనోమును నిమిషమునకు 60 దెబ్బలకు పెట్టి, ప్రతి దెబ్బకు ఒక్కొక్క స్వరము చొప్పున పది నిమిషములు వాయించి చూడుఁడు. ఇది యెంత కష్టమో అప్పుడు తెలియును. పాడువారి మాట సాఁగుచున్నచోట విరివిగా వాయింపక ఊరకుండుట కూడ నేర్వవలసిన విద్యయే.

తల్లిదండ్రులకు మఱియొక మాట. ఎనిమిది గంటలకు 85 డెసిబెళ్ళు చెవికి హద్దు అని ఆరోగ్యశాస్త్రజ్ఞులు నిర్ణయించియున్నారు. ఆపైన ప్రతి మూఁడు డెసిబెళ్ళ పెరుఁగుదలకు సురక్షితమైన కాలము సగమగును. ఒకమాఱు పోయిన వినికిడి సాధారణముగా మరలిరాదు. కావున వాద్యము కొనిన దినముననే చెవిబిరడాలు కూడ కొనుఁడు.

ఆ దర్జీగారికి మేము, "అయ్యా, ఈ సంవత్సరము అప్పు చేయకుఁడు" అని చెప్పితిమి. మా బీరువాలో తుప్పుపట్టిన తంత్రులతో పడియున్న పాత బేసును తీసి, క్రొత్త తంత్రులు వేయించి, ఎత్తు సరిచేయించి బాలునికిచ్చితిమి. అది చూచి వాఁడు మొదట చిన్నబుచ్చుకొనెను. రెండు వారములు సంగీతపు గదివైపునకే రాలేదు. పిమ్మట తానే వచ్చి, దినమునకు అరగంట చొప్పున అయిదు మాసములు సాధన చేసెను. డిసెంబరు నెల వేడుకలో వాఁడు వాయించినది నాలుగు పాటలు. సభలో నెవ్వరును బేసును గూర్చి యొక్కమాటయైన అనలేదు. "ఈ యేఁట పిల్లలు జాఱకుండ పాడిరి" అని మాత్రము పలువురనిరి. వాఁడు దిగులుపడి మాయొద్దకు రాఁగా, ఆ మాట నీకు వచ్చిన మెప్పే యని చెప్పి, జేమర్సన్ సంగతి వినిపించితిమి. ఏండ్ల తరబడి ఆయన బేసు విని జనులు నాట్యమాడిరి గాని, పాటల పళ్ళెములపై ఆయన పేరుండెడిది కాదు. 1971లో మార్విన్ గే వెలువరించిన సంపుటముమీఁద తుదకు ఆ పేరు అచ్చయినది.

ప్రక్కనే యుండి వినుచున్న తండ్రి నవ్వి, "కోటుకు లోపలి అస్తరు వంటిదన్నమాట, మాస్టరుగారూ. చూచువారికి కనఁబడదు, అది లేనిచో కోటు నిలువదు" అనెను. మేమింత వ్రాసి చెప్పినదానిని ఆయన ఒక్కమాటలో చెప్పెను. ఆ బాలుఁడిప్పుడు పదవ తరగతిలోనున్నాఁడు. పాత బేసే వాయించుచున్నాఁడు. క్రొత్తగా చేరిన ఆఱవ తరగతి పిల్లలిద్దఱికి శనివారములయందు తానే పాఠము చెప్పుచున్నాఁడు.