పాత సామాను అమ్ముతున్నారా? లోపం చెప్పి అమ్మండి

ఇంట్లో అవసరం తీరిన వస్తువులను అమ్మేయడం నేడు సర్వసాధారణమైపోయింది. హైదరాబాద్‌లో గురువారం జరిగే జుమ్మేరాత్ బజార్, ఆదివారాల్లో ఆబిడ్స్ ఫుట్‌పాత్‌పై పరిచే పాత పుస్తకాలు ఎప్పటి నుంచో ఉన్నవే. ఇప్పుడైతే సెల్‌ఫోన్‌లో ఒక ఫొటో పెడితే చాలు, కొనేవాడు ఇంటికే వస్తున్నాడు. కూలరు, కుట్టుమిషను, బీరువా, మోటారు సైకిలు అన్నీ చేతులు మారుతున్నాయి. ఈ క్రయవిక్రయాల్లో ఒక విశ్వాసి ఎలా మసలుకోవాలి?

దైవప్రవక్త (సఅసం) చేసిన వేలం

హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ఒక పేద అన్సారీ సహాయం అర్థిస్తూ దైవప్రవక్త (సఅసం) వద్దకు వచ్చారు. ఇంట్లో ఏమైనా ఉందా అని ఆయన అడిగారు. పరుచుకోవడానికీ కప్పుకోవడానికీ ఒకే ముతక గుడ్డ, నీళ్ళు తాగే గిన్నె ఒకటి ఉన్నాయని ఆ వ్యక్తి చెప్పారు. ప్రవక్త (సఅసం) వాటిని తెప్పించి, స్వయంగా చేతిలోకి తీసుకొని వేలం వేశారు. ఒకరు ఒక దిర్హమ్ ఇస్తామన్నారు. అంతకన్నా ఎక్కువ ఇచ్చేవారెవరని ఆయన మళ్ళీ అడగగా, మరొకరు రెండు దిర్హములకు కొన్నారు. ఒక దిర్హమ్‌తో ఇంటివారికి ఆహారం, రెండవ దానితో గొడ్డలి కొనమన్నారు. ఆ గొడ్డలికి తానే పిడి బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకోమని పంపారు. పదిహేను రోజుల తర్వాత ఆ వ్యక్తి పది దిర్హములు సంపాదించి తిరిగి వచ్చారు.

వాడిన వస్తువు అమ్మడం నామోషీ కాదని, వేలం ధర్మసమ్మతమని దీని ద్వారా తెలుస్తోంది. అయితే కొనే ఉద్దేశం లేని మనిషిని నిలబెట్టి ధర పెంచడాన్ని (నజష్) ప్రవక్త (సఅసం) నిషేధించారు.

అసలు పరీక్ష

కొత్త వస్తువుకు గ్యారంటీ కార్డు ఉంటుంది. పాత వస్తువుకు అమ్మేవాని మాటే గ్యారంటీ. గంట తర్వాత చల్లదనం ఆగిపోయే ఫ్రిజ్, యాక్సిడెంటై రంగు వేసిన బండి, పూట కూడా ఛార్జింగ్ నిలవని ఫోను... వీటి గుట్టు అమ్మేవానికీ, అల్లాహ్‌కే తెలుసు. బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టిన ప్రవక్త (సఅసం)కు అడుగున తడి తగిలింది. తడిసిన దాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని వ్యాపారిని నిలదీశారు. మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు (ముస్లిం).

"చూసుకొని కొనుక్కో, తర్వాత నాకు సంబంధం లేదు" అనడం నేటి ఆనవాయితీ. ఈ షరతు గురించి ఫిఖహా గ్రంథాల్లో వివరమైన చర్చ ఉంది. కానీ తెలిసిన లోపాన్ని దాచిన పాపం ఈ ఒక్క మాటతో తొలగిపోదు. కొన్నప్పుడు తెలియని పాత లోపం తర్వాత బయటపడితే, వస్తువును తిరిగి ఇచ్చే హక్కును (ఖియారె ఐబ్) షరీఅత్ కొనుగోలుదారునికి ఇచ్చింది.

పాతది కొనేది ఎవరో ఆలోచించండి. చాలాసార్లు కొత్తది కొనే స్థోమత లేనివారే. బ్రతుకుతెరువు కోసం పాత కుట్టుమిషను కొన్న వితంతువుకు అది ఆ అన్సారీ చేతిలోని గొడ్డలి వంటిది. అది రెండో రోజే ఆగిపోతే ఆమె అన్నం ముద్ద లాక్కున్నట్టే.

కూఫాలో బట్టల వ్యాపారం చేసిన ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) భాగస్వామి ఒకసారి లోపమున్న వస్త్రాన్ని, ఆ సంగతి చెప్పడం మరచి అమ్మేశారు. కొన్నవారి ఆచూకీ దొరకలేదు. ఇమామ్ గారు ఆ సొమ్మంతా దానం చేసేశారని చరిత్రకారులు రాశారు.

గుర్తుంచుకోవలసిన విషయాలు

• దొంగ సొత్తని తెలిసి కొనడం నిషిద్ధం. ధర మరీ తక్కువైతే విచారించండి.

• మరణించినవారి సామానులో ఆడపిల్లలు, మైనర్లు సహా వారసులందరికీ వాటా ఉంది. ఒక్కరే అమ్ముకోకూడదు.

• భార్య పుట్టింటి నుంచి తెచ్చుకున్న సామాను ఆమె సొత్తు. ఆమె అనుమతి లేనిదే భర్త అమ్మరాదు.

• పాత బంగారం ఇచ్చి తూకం తేడాతో కొత్త బంగారం తీసుకోవడం వడ్డీ కిందికి వస్తుంది. పాతది నగదుకు అమ్మి, ఆ సొమ్ముతో కొత్తది కొనండి.

• ఫోను అమ్మే ముందు ఇంటి ఆడవారి ఫొటోలను పూర్తిగా తొలగించండి.

నిజం చెప్పి, లోపం తెలిపి చేసిన బేరంలోనే ఇరువురికీ బర్కత్ ఉంటుందని, దాస్తే అది తుడిచిపెట్టుకుపోతుందని బుఖారీ, ముస్లిం హదీసుల సారాంశం. లోపం చెబితే నాలుగు వందలు తగ్గవచ్చు. తగ్గనివ్వండి. తీర్పుదినాన ఆ కొనుగోలుదారు మన చొక్కా పట్టుకోకుండా ఉండటమే అసలైన లాభం.

అల్లాహ్ మన సంపాదనను పరిశుద్ధం చేయుగాక! ఆమీన్.