ఒకే మనసులో రెండు మాటలు

బీడీ అలవాటున్న వారిని "మానేయడం మీకు ఇష్టమేనా?" అని అడిగి చూడండి. చాలామంది "ఇష్టమే గానీ..." అని ఆగిపోతారు. ఆ "గానీ" తరువాతి మాటను మనం వినిపించుకోము.

ఒకే విషయం మీద ఇష్టం, అయిష్టం రెండూ కలిసి ఉండడాన్ని ఆంబివలెన్స్ అంటారు. తెలుగులో ద్వైధీభావం అనవచ్చు. ఈ పదాన్ని 1910లో స్విట్జర్లాండుకు చెందిన మానసిక వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ ప్రవేశపెట్టారు. ఆయన దీనిని స్కిజోఫ్రీనియా లక్షణాలలో చేర్చినా, ఇది ఆరోగ్యవంతులలోనూ సహజమే.

ఒక్క గీత ఎందుకు చాలదు?

సాధారణంగా ఒక గీత గీసి, ఒక చివర "చాలా ఇష్టం", మరో చివర "చాలా అయిష్టం" అని రాసి గుర్తు పెట్టమంటారు. ఇద్దరు రోగులు సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టారనుకుందాం. మొదటివారు బీడీ మానడం గురించి ఎన్నడూ ఆలోచించలేదు. రెండవవారు పిల్లల కోసం మానాలని ఎంతో కోరుకుంటున్నారు, మానితే నిద్ర పట్టదేమో, చిరాకు పెరుగుతుందేమో అని అంతే భయపడుతున్నారు. కాగితం మీద ఇద్దరూ ఒకటే!

అందుకే 1972లో కాల్మన్ కాప్లాన్ అనే పరిశోధకుడు ప్రశ్నను రెండుగా విడదీశారు:

1. మంచి వైపు మాత్రమే చూస్తే, ఇది మీకు ఎంత మంచిగా తోస్తుంది?
2. చెడు వైపు మాత్రమే చూస్తే, ఎంత చెడుగా తోస్తుంది?

లెక్క కట్టే విధానం

1995లో థాంప్సన్, జన్నా, గ్రిఫిన్ ఒక సూత్రం ఇచ్చారు. రెండు మార్కుల సగటు నుండి ఆ రెండింటి మధ్య తేడాను తీసివేయాలి. మార్కులు 1 నుండి 4 వరకు అనుకుందాం.

మొదటి రోగి: మంచి 1, చెడు 1. సగటు 1, తేడా 0. జవాబు 1.
రెండవ రోగి: మంచి 4, చెడు 4. సగటు 4, తేడా 0. జవాబు 4.
మానాలని నిశ్చయించుకున్న మూడవ రోగి: మంచి 4, చెడు 1. సగటు 2.5, తేడా 3. జవాబు -0.5.

సంఖ్య పెరిగిన కొద్దీ మనసులో లాగులాట ఎక్కువ. అయితే ఈ లెక్క, మనిషి అనుభవించే బాధ ఎప్పుడూ ఒకటి కావు. ఈ సంగతిని ప్రీస్టర్, పెట్టీ 1996లో చూపించారు. కనుక "ఈ విషయంలో మీ మనసు ఎంత నలుగుతోంది?" అని విడిగా కూడా అడగాలి.

సంతోషం, దుఃఖం విషయంలోనూ ఇంతే. 2001లో లార్సెన్, ఆయన సహచరులు పట్టా పుచ్చుకునే రోజున విద్యార్థులను అడిగారు. మామూలు రోజులకంటే ఆనాడు రెండు భావాలూ కలిసి ఉన్నాయన్నవారు చాలా ఎక్కువ.

మనకు ఉపయోగం ఏమిటి?

పై ఇద్దరిలో మొదటివారికి సమాచారం కావాలి. రెండవవారికి సమాచారం తెలుసు, వినేవారు కావాలి. ఆయనను "పట్టింపు లేని మనిషి" అని పక్కన పెడితే, మారడానికి దగ్గరగా ఉన్న వ్యక్తిని పోగొట్టుకుంటాము. గట్టిగా మందలించినా, ఆయన బీడీ పక్షానే వాదిస్తారు. విలియం మిల్లర్, స్టీఫెన్ రోల్నిక్ రూపొందించిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ పద్ధతికి ఇదే పునాది: మానాలనే కారణాలు రోగి నోటి నుండే రావాలి.

ఆలోచించండి

1. గీత మధ్యలో పెట్టిన గుర్తుకు గల రెండు అర్థాలు ఏవి?
2. మంచి 3, చెడు 3 అయితే జవాబు ఎంత?
3. మీ ఇంట్లో "గానీ..." అని ఆగిపోయే మాట ఎవరిది? ఈ వారం దానిని పూర్తిగా వినండి.