పుండు మానుతున్నదా? ఫోటోతో తెలుసుకోండి

మీ ఇంటి పెద్దాయనకు షుగరు ఉన్నదనుకోండి. శనక్కాయ చేలో చెప్పులు లేకుండా తిరిగితే కంపముల్లు గుచ్చుకొంది. షుగరు వలన అరికాలి నరాలు మొద్దుబారి నొప్పి తెలియలేదు. తెలిసేసరికి పుండు పడింది. ఆసుపత్రిలో కట్టు కట్టి, మందులిచ్చి పంపారు. ఇప్పుడు నల్లమాడలో ఇంటివద్ద మీరే కట్టు మారుస్తున్నారు. మళ్ళీ ఆసుపత్రికి వస్తే ఒక దినం కూలి పోతుంది. అందుకే "కొంచెం తగ్గినట్లే ఉంది" అని సరిపెట్టుకుంటారు. నిజంగా తగ్గిందా?

రోజూ చూసే కంటికి మార్పు తెలియదు. మీ చేతిలోని సెల్‌ఫోను ఇక్కడ ఉపయోగపడుతుంది. వారానికొకసారి ఒకే పద్ధతిలో తీసిన ఫోటోలు మీకూ, డాక్టరుకూ నిజం చెబుతాయి.

ఫోటో ఎలా తీయాలి?

1. సబ్బుతో చేతులు కడుక్కోండి. నర్సమ్మ చూపినట్లు పుండు శుభ్రం చేసిన తర్వాతనే తీయండి. కట్టు మార్చేది ఒకరు, ఫోను పట్టేది మరొకరు అయితే మంచిది.

2. పగటి వెలుతురులో, వాకిట్లో నీడపట్టున తీయండి. ప్రతిసారీ అదే చోటు, అదే వేళ. ఫ్లాష్ వద్దు.

3. ఫోను పుండుకు నేరుగా ఎదురుగా, ప్రతిసారీ అంతే దూరంలో ఉండాలి.

4. శుభ్రమైన కాగితం ముక్కపై సెంటీమీటరు గీతలు గీసి, తేదీ వేసి, పుండుకు తగలకుండా పక్కన ఉంచండి. ప్రతిసారీ కొత్త కాగితం వాడండి.

5. ముఖాన్ని అందంగా చూపే బ్యూటీ, ఫిల్టరు వంటివి ఆపివేయండి. అవి ఎరుపును దాచివేస్తాయి.

రెండు ఫోటోలను కలపడం

రెండు ఫోటోలను పక్కపక్కన పెట్టే కొలాజ్ యాప్‌లు చాలా ఉన్నాయి. ఎడమవైపు పాతది, కుడివైపు కొత్తది ఉంచండి. ఒక జాగ్రత్త: చట్రంలో ఇమడడానికి యాప్ ఒక ఫోటోను పెద్దది చేయవచ్చు. కనుక కంటి అంచనాను నమ్మక, కాగితంపై గీతలతో కొలవండి. అసలు ఫోటోలను చెరపవద్దు.

పొడవును వెడల్పుతో హెచ్చించండి. మొదట పొడవు 4, వెడల్పు 3 సెంటీమీటర్లు ఉంటే లెక్క 12. సరైన వైద్యం జరుగుతున్నప్పుడు షుగరు పుండు 4 వారాలకు సుమారు సగానికి, అంటే 6కు, తగ్గాలి. తగ్గకపోతే ఇంట్లో కూర్చోవద్దు. కాలికి రక్తం సరిగా అందుతున్నదా, ఎముకకు చీము పట్టిందా, పుండు మీద బరువు పడుతున్నదా అని డాక్టరు చూడాలి.

ఫోటో చెప్పనివి

లోతు, వాసన, వేడి ఫోటోలో కనబడవు. జ్వరం, దుర్వాసన, చుట్టూ పాకే ఎరుపు, వాపు, నలుపు రంగు, వీటిలో ఏది కనిపించినా వారం ఆగవద్దు, ఫోటో కోసం చూడవద్దు. వెంటనే రండి. ఆలస్యమైతే కాలే పోవచ్చు.

2020 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం రోగులు డాక్టరుకు ఫోటోలు పంపవచ్చు. అయితే స్వయంగా రమ్మని డాక్టరు చెబితే తప్పక రావాలి.

ప్రకటనలను నమ్మవద్దు

"వాడక ముందు, వాడిన తర్వాత" అని చూపే ఫోటోలను గమనించండి. వెలుతురు, దూరం, కోణం మార్చితే మానని పుండు కూడా మానినట్లు కనబడుతుంది. షుగరును నయం చేస్తామని మందులకు ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం.

చివరి మాట

ఫోటో తీసే ముందు పెద్దాయనను అడగండి. ముఖం రాకుండా తీయండి. వాట్సాప్ గ్రూపుల్లో, స్టేటస్‌లో పెట్టవద్దు. అది ఆయన దేహం, ఆయన గౌరవం. ఆసుపత్రికి వచ్చేటప్పుడు మందుల చీటీతోపాటు ఆ ఫోను కూడా తెచ్చి డాక్టరుకు చూపండి.